గీత కలిస్తే సరిపోదు

'డార్క్ ఎనర్జీ లేనే లేదట' అనే వార్త అప్పుడప్పుడూ పత్రికల్లో మెరుస్తుంటుంది. అది చూసినప్పుడల్లా ల్యాప్‌టాప్ తెరవడం నాకు అలవాటు. 2022లో విడుదలైన పాంథియాన్ ప్లస్ పట్టికలో 1,550 టైప్ 1ఏ సూపర్‌నోవాల (పేలిన నక్షత్రాల) కొలతలున్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఒక్కో వరుసలో ఒక రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎంత ఎర్రబడిందో చెప్పే సంఖ్య), ఒక దూరం, ఆ దూరం ఎంత అటూ ఇటూ కావచ్చో ఒక అంచనా. కొత్త సిద్ధాంతం చెప్పే సూత్రాన్ని పైథాన్‌లో రాసి, ఆ చుక్కల మీదుగా గీత గీసి చూస్తాను.

చాలాసార్లు గీత చుక్కల మధ్యనుంచి బాగానే పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతోందనుకునేదానికి పెట్టిన పేరే డార్క్ ఎనర్జీ. ఆ వేగం పెరుగుతోందని 1998లో రెండు బృందాలు చెప్పడానికి ఆధారం, దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా సుమారు 20 నుంచి 25 శాతం మసకగా ఉండటం. బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్‌లది ఒక బృందం, సాల్ పెర్ల్‌మటర్‌ది మరొకటి. ముగ్గురికీ 2011లో నోబెల్ వచ్చింది. కానీ విడిగా ఒక్కో సూపర్‌నోవా కొలతలో చెదురు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. గుంపుగా చూస్తేనే తేడా తేలుతుంది. అందుకే కంటికి నప్పే గీతలు ఎన్నయినా గీయొచ్చు.

మరి ప్రత్యామ్నాయాన్ని పరీక్షించేదెలా? మసకదనాన్ని వివరించడంతో ఊరుకోకుండా, అది ఇంకే కొలతకు తల ఒగ్గుతుందో చూడాలి. 1929లో ఫ్రిట్జ్ జ్వికీ చేసిన 'అలసిన కాంతి' ప్రతిపాదననే తీసుకోండి. విశ్వం విస్తరించడం లేదు, దారిలో కాంతి శక్తి కోల్పోయి ఎర్రబడుతోందన్నది దాని సారం. అటూ ఇటూ సర్ది ప్రకాశం లెక్కను ఎలాగో దగ్గరికి తేవచ్చేమో గానీ, కాలం దగ్గర దాని ఆటలు సాగవు. విశ్వం విస్తరిస్తుంటే, రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర పేలిన నక్షత్రం వెలిగి ఆరడానికి రెట్టింపు రోజులు పట్టినట్టు మనకు కనిపించాలి. కాంతి అలసిపోతుంటే మాత్రం ఆ సాగుదల ఉండకూడదు. డార్క్ ఎనర్జీ సర్వే బృందం 1,504 సూపర్‌నోవాలతో 2024లో ఈ లెక్క చూసింది. విస్తరణ ఉంటే 1 రావాలి, లేకపోతే 0 రావాలి అనదగ్గ సంఖ్య 1.003 అని తేలింది. దాంతో వాదం ముగిసింది.

ఓడినా మేలు చేసిన ప్రత్యామ్నాయాలూ ఉన్నాయి. ఫ్రెడ్ హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి మన జయంత్ నార్లికర్ 1993లో ప్రతిపాదించిన విశ్వంలో మహా విస్ఫోటనం లేదు. విస్తరణ మాత్రం ఉంది, కాబట్టి కాల పరీక్షలో దానికి ఇబ్బంది లేదు. సూపర్‌నోవాల మసకకు కారణం గెలాక్సీల మధ్య తేలే ఇనుప నూగులాంటి సన్నని ధూళి అన్నారు వాళ్లు. మామూలు ధూళి కాంతిని ఎర్రబరుస్తుంది కాబట్టి దొరికిపోతుంది. అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా మింగే ధూళి అంత తేలిగ్గా దొరకదు. ఇలాంటి ధూళి అనుమానాన్ని తేల్చడం కూడా హబుల్ టెలిస్కోపుతో ఇంకా దూరపు సూపర్‌నోవాలను వెతకడానికి ఒక కారణమైంది. ధూళే కారణమైతే దూరం వెళ్లేకొద్దీ మసక పెరుగుతూనే పోవాలి. రెడ్‌షిఫ్ట్ 1 దాటాక ఆ ధోరణి తిరగబడింది. ఒకప్పుడు విస్తరణ నెమ్మదిస్తూ వచ్చిందనడానికి అది సాక్ష్యం. నార్లికర్ 2025 మేలో పుణెలో కన్నుమూశారు. ఆయన నమూనాను ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయినా అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లు ఉండబట్టే జవాబు గట్టిపడింది.

ఇప్పుడు బరిలో ఉన్నది న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ విల్ట్‌షైర్ 2007 నుంచి చెబుతున్న 'టైమ్‌స్కేప్'. పదార్థం లేని మహా శూన్యాల్లో గడియారాలు మనకన్నా వేగంగా నడుస్తాయి. విశ్వమంతా ఒకే తీరుగా ఉందనుకుని లెక్కకట్టడం వల్లే వేగం పెరుగుతున్నట్టు తోస్తోంది. ఇదీ వాదన. పాంథియాన్ ప్లస్ సూపర్‌నోవాలు మొత్తంగా తమ నమూనా వైపే బలంగా మొగ్గుతున్నాయని ఆ బృందం 2024 చివర్లో ప్రకటించింది. రెడ్‌షిఫ్ట్ 0.075కు లోపలివాటిని తీసేస్తే ఆ మొగ్గు మిగిలింది గానీ బాగా పలచబడింది. దగ్గరివాటిని ఎక్కడ కత్తిరించారని నేను మొదట చూసేది ఇందుకే.

నేను దించుకునే పట్టికలోనూ ఒక మెలిక ఉంది. ప్రకాశవంతమైనవే ఎక్కువగా కంటపడటం వల్ల వచ్చే పక్షపాతాన్ని సరిచేసి ఆ దూరాలను ఇస్తారు. ఆ సవరణకు వాడే అనుకరణలు డార్క్ ఎనర్జీ ఉన్న ప్రామాణిక నమూనాను పట్టుకుని చేసినవే. ఒకరి కుంచంతో కొలిచిన వడ్లను చూపించి ఇంకొకరి కుంచం తప్పనడం న్యాయం కాదు. టైమ్‌స్కేప్ బృందం ఆ తయారు దూరాలను వాడకుండా, కాంతి కొలతల నుంచే లెక్క మొదలుపెట్టింది. పద్ధతిగా చేసిన పని అది.

అందుకని నా తీర్పు ఇది. అలసిన కాంతి కథ ముగిసింది. ధూళి వాదం నిలబడలేదు. టైమ్‌స్కేప్ ఇంకా విచారణలో ఉంది. యూక్లిడ్ ఉపగ్రహం కొలతలతో తమ నమూనాను తేల్చుకోవచ్చని ఆ బృందమే అంటోంది కాబట్టి దాన్ని గౌరవించాలి. ప్రామాణిక నమూనా నేటికీ ముందుందంటే, ఇన్ని పరీక్షలకు నిలిచింది కనుకనే. రేపటి పరీక్షకు మినహాయింపు దానికీ లేదు. ఇక మీదట విశ్వాన్ని తలకిందులు చేసే వార్త ఏదైనా మీ కంటపడితే ఒక్కటే అడగండి: ఇది తప్పని తేలాలంటే ఆకాశంలో ఏం కనిపించాలి? ఆ ప్రశ్నకు జవాబు లేని సిద్ధాంతం కోసం ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు.