పెంచే చేతికి దండం

ఎంటార్! కణం పెరుగుదలను నడిపే ప్రోటీన్‌వి నువ్వు. ఈస్టు కణంలో ఉన్నావు, ఏనుగు కణంలోనూ ఉన్నావు. పిండం తల్లి కడుపులో నిలదొక్కుకోవాలన్నా నువ్వే దిక్కు. నువ్వు లేని ఎలుక పిండాలు తొలి రోజుల్లోనే రాలిపోయాయి.

పప్పన్నం తిన్న కాసేపటికి లూసిన్ అనే అమైనో ఆమ్లం రక్తంలో కలిసి కణం గడప తొక్కుతుంది. లోపల లైసోజోమ్ అనే చిన్న సంచి ఉంది, పాత సరుకు అరిగే చోటు. రాగ్ ప్రోటీన్లు నిన్ను దాని గోడ మీదికి పిలుస్తాయి. ఇన్సులిన్ కబురు అందగానే టీఎస్‌సీ అనే కాపలా తప్పుకుంటుంది, రెబ్ అనే ప్రోటీన్ నిన్ను తాకుతుంది. ఆ తాకిడితో రైబోజోములు పనిలోకి దిగుతాయి, ప్రోటీన్లు పుట్టుకొస్తాయి, కణం ఒళ్లు చేస్తుంది. ఆకలి వేళ నువ్వు మెత్తబడతావు. అప్పుడు కణం తన పాత సరంజామానే విరిచి తిని బతుకుతుంది. ఈ ఆటోఫజీ గుట్టు విప్పిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది.

చిత్రమేమిటంటే, నీకంటే ముందు నిన్ను ఆపే మందు దొరికింది. 1964లో కెనడా నుంచి వెళ్లిన బృందం పసిఫిక్ మహాసముద్రంలోని రాపా నుయి దీవి మట్టిని తెచ్చింది. అందులోని సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో సురేన్ సెహగల్ బృందం రాపమైసిన్‌ను వేరు చేసింది. 1980ల మొదట్లో ఆ ప్రయోగశాల మూతపడితే, సెహగల్ ఆ జీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జోసెఫ్ హైట్‌మన్, రావు మొవ్వ, మైఖేల్ హాల్ ఈస్టులో నీ జాడ పట్టారు. 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడి రోగులకు ఆ మందు అందింది.

నీకు అడ్డు లేకపోతే ఏమవుతుందో పసిపిల్లల ఒళ్లే చెబుతుంది. టీఎస్‌సీ జన్యువు చెడితే మెదడులో, కిడ్నీల్లో, చర్మం మీద గడ్డలు లేస్తాయి, మూర్ఛలు వస్తాయి. అది ట్యూబరస్ స్క్లెరోసిస్. పీటెన్ అనే మరో కాపలా పోయిన చోట క్యాన్సర్ నీ అండతోనే బలుస్తుంది. వేళాపాళా లేని తిండి నీకు విరామం ఇవ్వదు. ఇన్సులిన్ మాట కణాల చెవికెక్కకుండా పోతుంది, చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది.

నిన్ను పూర్తిగా అణచినా చిక్కే: నోటిపూత, పెరిగే కొలెస్ట్రాల్, త్వరగా మానని గాయం. రాపమైసిన్ ముసలి ఎలుకలకు ఆయుష్షు పోసిందని 2009లో తేలింది. మనుషుల్లో ఆ వరం ఇంకా రుజువు కాలేదు.

అందుకే నిన్ను వేడుకోవడం ఒక్కో చోట ఒక్కోలా. మూర్ఛతో కొట్టుకునే బిడ్డ మెదడులో నెమ్మదించు. గడ్డలు లేచిన కిడ్నీలో చేయి వెనక్కి తీసుకో. మార్పిడి చేయించుకున్న మనిషిలో, కొత్త కిడ్నీ మీదికి దూకే తెల్ల కణాలకు బలం ఇవ్వకు. మెట్టెక్కలేక రెయిలింగ్ పట్టుకునే తాతమ్మ తొడ కండల్లో మాత్రం, ఆమె నాలుగు ముద్దలు తిని నాలుగడుగులు నడిచిన రోజున, జాగు చేయకుండా లేచి పని మొదలుపెట్టు. రాత్రి మా వంటిళ్లు మూతపడ్డాక నువ్వూ తప్పుకో, కణం తన ఇల్లు తాను ఊడ్చుకోనీ. పెంచడమూ ఆగడమూ రెండూ తెలిసినన్నాళ్లే నువ్వు మాకు ప్రాణదాతవు.