తాపీ చేతికి వచ్చేదెప్పుడు?

ఇల్లు కడుతున్న చోటల్లా ఒక కుర్రాడు కనిపిస్తాడు. పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. పదో తరగతితో ఆపేసో, ఇంటర్ మధ్యలో వదిలేసో వచ్చి ఉంటాడు. ఇసుక జల్లిస్తాడు, మాలు కలుపుతాడు, పరంజా మీదికి ఇటుకలు అందిస్తాడు, సాయంత్రం గోడలు తడుపుతాడు. మేస్త్రీ కేకేస్తే పరుగెత్తుతాడు. ‘ఈ పనిలోకి వచ్చి ఎన్నాళ్లయింది నాయనా?’ అని అడిగితే మూడేళ్లంటాడు, నాలుగేళ్లంటాడు. ‘మరి గోడ కడతావా?’ అంటే తల వంచుకుని, ‘ఇంకా తాపీ ఇవ్వలేదండి’ అంటాడు.

ప్రభుత్వ ఇంజినీరుగా నా ఉద్యోగ జీవితమంతా కట్టడాల మధ్యే గడిచింది. ఈ జవాబు విననిచోటు లేదు. రిటైరయ్యాక, ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు నిర్మాణ పనులు నేర్పి ఉద్యోగంలో పెట్టే ఒక ట్రస్టు శిక్షణ కేంద్రానికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను. ఆ జవాబు వెనక ఎంత కథ ఉందో అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాకే పూర్తిగా తెలిసింది.

తాపీ ఇవ్వనంత మాత్రాన మేస్త్రీ చెడ్డవాడు కాడు. అతను చదరపు అడుగుకు ఇంతని గుత్తకు ఒప్పుకుని వచ్చినవాడు. కొత్త చేతికి తాపీ ఇస్తే వరస వంకరపోతుంది. విప్పి మళ్లీ కట్టాలి. సిమెంటు దండగ, పూట దండగ, పైగా ఇంటి ఓనరు చేత మాట పడాలి. ఇంతా చేసి నేర్పితే ఆ కుర్రాడు రేపు కూలి కాస్త ఎక్కువిచ్చే మరో మేస్త్రీ దగ్గరికి పోవచ్చు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. కంట్రాక్టరు లెక్కా అంతే. అందుకే పని తెలిసినవాడు అందరికీ కావాలి, పని నేర్పడం మాత్రం ఎవరికీ గిట్టుబాటు కాదు. పూర్వం కొడుక్కో, మేనల్లుడికో, అల్లుడికో నేర్పుకునేవారు. పని ఇంటిని దాటి పోయేది కాదు. ఇప్పుడు మేస్త్రీ కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సంతోషం. కానీ వెనక ఎవరూ లేకుండా పనిలోకి వచ్చిన కుర్రాడికి తాపీ పట్టి చూపించే మేనమామ ఎక్కడున్నాడు? ధర్మసంస్థలు వచ్చి నిలబడాల్సిన చోటు సరిగ్గా ఇదే.

మా కేంద్రంలో మొదటి రోజే తాపీ చేతిలో పెడతారు. రేకుల షెడ్డు కింద ఇటుకల దొంతరలు, ఇసుక కుప్ప, నీళ్ల తొట్టి ఉంటాయి. అభ్యాసానికి సిమెంటు వాడరు. ఇసుకా మట్టీ కలిపి, కాస్త సున్నం వేసి మాలు చేస్తారు. అది ఆరినా గట్టిగా పట్టదు కాబట్టి గోడ విప్పితే ఇటుకలు చెక్కుచెదరకుండా వస్తాయి.

ముందు మూల వేయడం నేర్పుతారు. ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం చూడాలి. సరిగ్గా ఐదడుగులు వస్తే మూల కుదిరినట్టు. బడిలో పైథాగరస్ సిద్ధాంతం పేరు చెబితే వణికిన పిల్లలు టేపు పట్టుకుని అది నిజమని తమ చేత్తో తేల్చుకున్నప్పుడు ఆ ముఖాలు చూడాలి. తర్వాత నీళ్లు నింపిన సన్నటి పైపుతో మట్టం చూడటం. గదికి ఆ మూల ఒకడు, ఈ మూల ఒకడు నిలబడితే, పైపు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో ఆగుతాయి. ఖరీదైన పరికరం ఏదీ లేకుండానే ఇల్లంతటికీ ఒకే మట్టం దొరుకుతుంది.

అప్పుడు ఇటుక. కట్టే ముందు దాన్ని ఎందుకు నానబెట్టాలో చెబుతారు. పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేసుకుంటే సిమెంటు గట్టిపడటానికి నీరు మిగలదు. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు. పడితే గోడకు పైనుంచి కిందిదాకా ఒకే గీతలో బలహీనత ఏర్పడి, పగులు ఆ దారినే వస్తుంది. అతుకు మందం పది మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక్క రోజులో మీటరున్నరకు మించి గోడ లేపకూడదు, కింది మాలు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మేస్త్రీలు ఇవన్నీ చేస్తారు. ఎందుకు చేస్తున్నారో చెప్పే తీరిక మాత్రం పనిచోట వారికి ఉండదు. ఆ ‘ఎందుకు’ తెలిసిన కుర్రాడు, చూసేవాళ్లు లేనప్పుడు కూడా ఇటుక తడుపుతాడు.

ఒకరోజు పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మూల కడుతున్నాడు. చురుకైనవాడు, అందరికంటే ముందే పది వరసలు లేపేశాడు. నేర్పే మేస్త్రీగారు ముసలాయన. అరవలేదు, తప్పని అనలేదు. నూలుకు కట్టిన ఇత్తడి గుండు తీసి వాడి చేతికిచ్చి పక్కకు తప్పుకున్నారు. కుర్రాడు పైవరసకు దారం ఆనించి గుండు వదిలాడు. కిందికి వచ్చేసరికి దారానికీ గోడకూ మధ్య వేలు పట్టే సందు. కాసేపు దాని వంక చూసి, పైనుంచి ఒక్కో వరసా తీయడం మొదలుపెట్టాడు. ఏడో వరస దగ్గర ఆగి మళ్లీ గుండు వేశాడు. ఇంకా తేడా ఉంది. నాలుగో వరస దాకా వెళ్లాక దారం గోడను తాకీ తాకనట్టు నిలిచింది. తప్పు ఏ వరసలో మొదలైందో వాడే కనిపెట్టాడు. అప్పుడు మేస్త్రీగారు వచ్చి, ‘ఇకనుంచి నాలుగు వరసలకోసారి గుండు వెయ్యరా’ అన్నారు. అంతే పాఠం.

సాయంత్రానికి అందరి గోడలూ విప్పేస్తారు. ఇటుకలు గీకి, కడిగి దొంతర పెడతారు. కేంద్రం చూడటానికి వచ్చిన దాతలు, ‘రోజంతా కట్టింది విప్పేయడమేమిటండీ’ అని నొచ్చుకుంటారు. వాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: మీ చందాతో కొన్నది ఆ విప్పడాన్నే. అసలు ఇంట్లో ఆ పాతపట్నం కుర్రాడు చేసిన తప్పుకు చీవాట్లు, కోత, మళ్లీ తట్ట మోత. ఇక్కడ ఆ తప్పే వాడికి చదువైంది. పేదింటి కుర్రాడికి తప్పు చేసి దిద్దుకునే వీలు ఇంకెక్కడా దొరకదు. డబ్బున్న ఇంటి పిల్లలకు ట్యూషన్లు, సప్లిమెంటరీలు, లాంగ్ టర్మ్ కోచింగులు ఉన్నాయి. వీళ్లకు ఈ షెడ్డు ఉంది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. ఎల్ అండ్ టీ 1995లో చెన్నైలో నిర్మాణ పనివాళ్ల శిక్షణ సంస్థ పెట్టింది. 1998లో హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో న్యాక్ అంటే తెలియని నిర్మాణ సంస్థ ఉండదు. నా మనసుకు బాగా దగ్గరైంది మాత్రం గుజరాత్‌లోని భుజ్. 2001 జనవరి 26న కచ్‌లో భూకంపం వచ్చి వేలమంది ప్రాణాలు తీసుకుంది. కొత్త కాంక్రీటు భవంతులు కూలినచోట, పల్లె జనం కట్టుకున్న గుండ్రటి మట్టి ఇళ్లు, భుంగాలు, చాలా నిలబడ్డాయి. ఆ అనుభవంలోంచి 2003లో హున్నర్‌శాల అనే సంస్థ పుట్టింది. ఊరి పనివాళ్ల నైపుణ్యానికి గౌరవమిచ్చి, దానికి ఇంజినీరింగ్ పరీక్షలు జోడించి ఇళ్లు కట్టించింది. బడి మానేసిన కుర్రాళ్లకు గోడ కట్టడం, వడ్రంగం నేర్పడానికి కారీగర్‌శాల నడుపుతోంది. పని నేర్చుకున్న కుర్రాడు కూలీగానే మిగిలిపోకుండా, తన కాళ్ల మీద తాను నిలబడి పనులు ఒప్పుకునేవాడు కావాలన్నది వాళ్ల ఆశయం.

భుజ్ పేరు పాఠంలో నేను తరచూ ఎత్తుతాను, పిల్లర్లలో వేసే రింగుల కోసం. నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగు కొసలను 135 డిగ్రీలు వంచి లోపలికి తిప్పాలి. పనిచోట చాలామంది 90 డిగ్రీలకే ఆపేస్తారు, వంచడం తేలిక కాబట్టి. మామూలు రోజుల్లో తేడా తెలియదు. భూమి కదిలి పైకాంక్రీటు పెచ్చులు ఊడినప్పుడు 90 డిగ్రీల కొసలు విచ్చుకుపోతాయి, చువ్వలు బయటికి వంగిపోతాయి, పిల్లరు కూలుతుంది. లోపలికి తిరిగిన కొస మాత్రం పట్టు వదలదు. ఆ కాస్త వంపు మీద ఇంటిల్లిపాది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మా దగ్గర రాడ్ బెండింగ్ నేర్చుకుని వెళ్లిన ఒక కుర్రాడు మొదటి పనిచోటే ఈ సంగతి ఎత్తాడట. ‘మేస్త్రీగారూ, రింగు ఇంకాస్త వంచాలండి’ అన్నాడు. ‘నిన్నగాక మొన్న వచ్చినోడివి, నాకే నేర్పుతావురా?’ అన్నాడాయన. కుర్రాడు ఫోన్ చేసి, ‘పని వదిలేసి వచ్చేస్తాను సార్’ అన్నాడు. కేంద్రంలో ఇలాంటివి చూసుకోవడానికి ఒక కార్యకర్త ఉన్నారు. ఆయన వెళ్లి మేస్త్రీతో టీ తాగి, సైటు ఇంజినీరు చేత డ్రాయింగు తెప్పించి, అందులో గీసి ఉన్న వంపు చూపించారు. గొడవ లేకుండా సర్దుకుంది. కుర్రాడు ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాడు, రింగులు వంచే బల్ల దగ్గర వాడిదే పెత్తనం.

శిక్షణ గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగిన రోజున పని అయిపోదు. ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న లెక్క అందరూ అడుగుతారు. ఏడాది తర్వాత ఎంతమంది పనిలో ఉన్నారని అడిగేవారు తక్కువ. మా పిల్లలు పని వదిలేసేది పని రాక కాదు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి రేకుల గదిలో పదిమందితో పడుకోలేక, చేతిలో జీతం పడేదాకా గడిచే దారి లేక, ఊళ్లో పండగ వచ్చిందని, అమ్మకు జ్వరమని వచ్చేస్తారు. మొదటి జీతం దాకా తిండి ఖర్చు, బూట్లు, హెల్మెట్, సొంత పనిముట్ల సంచి, వారానికో ఫోన్ ఉంటే చాలామంది నిలబడతారు. 1996 చట్టం కింద నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులు ఏర్పడ్డాయి. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్లలోపువారు, గడచిన ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే కార్డు తీసుకోవచ్చు. ఆ కాగితాలు దగ్గరుండి పెట్టించడం కూడా శిక్షణలో భాగమే. కార్డున్నవాడికి ప్రమాదం జరిగితే ఇంటికి ఒక ఆసరా ఉంటుంది.

గల్ఫ్ మాటా అంతే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఎడారి దేశాలకు వెళ్లిన తెలుగువాళ్లలో ఎందరో హెల్పర్ వీసా మీదే వెళ్లారు. హెల్పర్‌గా వెళ్లినవాడి జీతం వేరు, మేసన్‌గా వెళ్లినవాడి జీతం వేరు. ఆ తేడా విమానం ఎక్కకముందే, ఇక్కడ ఇలాంటి షెడ్డులో తేలిపోతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆడవాళ్ల సంగతి. మన కట్టడాల్లో సగం బరువు వాళ్ల నెత్తి మీద తట్టల్లోనే పైకెక్కింది. పాతికేళ్లు మోసినా తట్ట తట్టగానే ఉంటుంది, తాపీ చేతికి రాదు. ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు. అహ్మదాబాద్‌లో సేవా సంస్థ నిర్మాణ రంగ మహిళల కోసం కర్మికా బడి నడిపింది. జార్ఖండ్ పల్లెల్లో మరుగుదొడ్లు కట్టిన మహిళా మేస్త్రీలను రాణీ మిస్త్రీలని పిలుచుకుంటున్నారు. మా కేంద్రంలోనూ ఇప్పుడు ఆడపిల్లలు చేరుతున్నారు.

అందులో ఒకమ్మాయి వాళ్లమ్మతో కలిసి తట్ట మోసిన పిల్లే. కూతురు కట్టిన గోడ చూడటానికి ఆ తల్లి వచ్చింది. ‘మా పిల్లే కట్టీసిందా బాబూ ఇదంతా?’ అని అడిగింది. గోడ పొడవునా చెయ్యి వేసి రాస్తూ వెళ్లి ఒకచోట ఆగింది. ‘ఇక్కడ మాలు నిండలేదే’ అంది కూతురితో. మేస్త్రీగారు తాపీ కొసతో పొడిచి చూస్తే నిజంగానే అతుకు లోపల గుల్లగా ఉంది. ఇన్నేళ్లుగా మేస్త్రీల పక్కన నిలబడి, చూసి చూసి, పనంతా ఆమె కంటికి పట్టుబడింది. చేతికి తాపీ ఇచ్చినవాడే లేడు. మేస్త్రీగారు అప్పటికప్పుడు ఆమెను కూడా వచ్చే బ్యాచిలో చేరమన్నారు. చేరింది.

ఈ కాలమ్ చదివేవారిలో ఇల్లు కట్టుకుంటున్నవారు, కట్టుకోబోతున్నవారు ఉంటారు. మీకు నా విన్నపం చిన్నది. మీ దగ్గర్లో ఇలాంటి ట్రస్టు ఉంటే చందా ఇవ్వండి, అంతకంటే ముందు వాళ్ల దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాణ్ణో అమ్మాయినో మీ మేస్త్రీ పక్కన పెట్టించండి. ‘నేర్పు, నీ పూట నష్టం నేను చూసుకుంటాను’ అని మేస్త్రీకి మాటివ్వండి. ప్రహరీ గోడతో మొదలుపెట్టించండి. పని రెండు రోజులు ఆలస్యమైతే ఓర్చుకోండి. వరస వంకరపోతే విప్పి మళ్లీ కట్టనివ్వండి. ఇంటికి మనం పెట్టే ఖర్చులో అదెంత? గేటుకు వేయించే రంగుకు కూడా సరిపోదు. ఆ ఖర్చుతో ఒక మనిషి జీవితాంతం బతికే పని నేర్చుకుంటుంది.