మృతసంజీవని: మూల్యవిచారము

కావ్యమున మరణమునకు విలువ యుండవలెనన్నచో మృతుడు మరల లేవరాదు. లేచెనేని, ఆ లేచుటకు తగిన మూల్యము నెవరో చెల్లించి యుండవలెను. ఈ రెండింటిలో మొదటిది విమర్శకులు సామాన్యముగ నంగీకరించునదే. రెండవది తగినంత విచారణకు వచ్చినట్లు తోపదు. మృతసంజీవని ప్రస్తావన వచ్చినప్పుడు ‘ఇది పురాణసహజమగు నద్భుతము’ అని చెప్పి దాటిపోవుట పరిపాటియైనది. ఆ యద్భుతమునకు నియమములు కలవనియు, ఆ నియమములే కథకు ప్రాణమనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారణకు సాహిత్యమునకు వెలుపలి నిమిత్త మొకటి కలదు. 1974 లో అమెరికాదేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడ ప్రకటితమైనది. బల్లచుట్టు కూర్చుండిన యాటగాండ్రలో నొకడు కథానిర్వాహకుడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. మాటలతో కథ నడచును. సందిగ్ధమైన కార్యముల ఫలమును పాచికలు నిర్ణయించును. పాత్ర యుద్ధమున మరణింపవచ్చును. మరణించిన పాత్ర శాశ్వతముగ పోవునేని నెలల తరబడి పెంచుకొన్న కథ తెగిపోవును. సులభముగ బ్రతుకునేని యుద్ధమున భయముండదు. భయము లేనిచోట వీరమునకు తావు లేదు. ఈ చిక్కు క్రీడారూపకర్తది మాత్రమే కాదు, కవిది కూడను.

ఆ క్రీడయొక్క 2014 నాటి నియమములు పరిశీలింపదగినవి. మరణించిన నిమిషములోపల బ్రతికించుటకు 300 బంగారు నాణెముల విలువగల వజ్రములు, పదిదినములలోపల 500, నూరేండ్లలోపల 1,000, రెండువందల యేండ్లలోపల 25,000 నాణెముల వజ్రములు వ్యయము కావలెను. మృతుని యాత్మకు తిరిగివచ్చుట కిష్టముండవలెను. పదిదినముల మంత్రముచే బ్రతికినవానికి పాచికల ఫలమున నాలుగంకెల లోటుండి, దీర్ఘవిశ్రాంతి కొకటి చొప్పున తగ్గును. కాలము, ధనము, సమ్మతి, దౌర్బల్యము అని యివి నాలుగు హద్దులు. వీనిలో ధనమే మిక్కిలి బలహీనమైనది. పాత్రలు ధనవంతులైనకొలది మృత్యువు చౌకయగుచుండును. వజ్రములు వెచ్చించుటవలన పాత్రల నడుమ సంబంధ మేమియు మారదు. సంచి మాత్రము తేలికయగును.

మన యాలంకారికు లీ చిక్కును వేరొకదారిని గుర్తించిరి. ప్రియులలో నొకరు మరణించి, మరల సమాగమము కలదను నాశ మిగిలియున్నచో నది కరుణము కాదు, కరుణవిప్రలంభమని సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుని మతము. కాదంబరిలోని పుండరీక మహాశ్వేతల వృత్తాంత మిందుల కుదాహరణము. ఆకాశవాణి వినబడువరకు కరుణమే యనియు, విన్నపిదపనే శృంగారమనియు చెప్పువారి మతమును గూడ నాతడచ్చటనే పేర్కొనినాడు. దీనినుండి తేలునదేమన, మరణముయొక్క రసము మృతదేహము నాశ్రయించి యుండదు; బ్రతికియున్నవారి యాశ నాశ్రయించి యుండును. పునర్జీవనము సాధ్యమని ముందే తెలిసిన కథలో శోకము స్థాయి కానేరదు. కావున సంజీవనీశక్తిని కథలో ప్రవేశపెట్టు కవి, తాను కోల్పోయిన శోకమునకు బదులుగ మరియొకదానిని నిలుపవలసియున్నాడు.

ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున నన్నయ చెప్పిన కచుని కథ యీ పనిని నిర్వహించిన తీరు మిక్కిలి గమనింపదగినది. కథారంభమునకే శక్తి యసమానము: శుక్రునకు మృతసంజీవని కలదు, బృహస్పతికి లేదు. చచ్చిన యసురులు లేచుచుందురు, చచ్చిన సురలు లేవరు. ఈ యసమత్వమును సరిచేయుటకే కచుడు శత్రువులయింట శిష్యుడైనాడు. అసురులు వానిని చంపిరి, శుక్రుడు బ్రతికించెను. అంతటితో నసురులు సంజీవని పనితీరు నెరిగినవారైరి. కడపట వానిని కాల్చి బూడిదచేసి, సురలో కలిపి, శుక్రునిచేతనే త్రాగించిరి. ఇచ్చట శత్రువులు చేసినది మంత్రమును భగ్నముచేయుట కాదు; మంత్రప్రయోగము ప్రయోక్తకే ప్రాణాంతకమగునట్లు చేయుట. కచుడు బ్రతుకవలెనన్న శుక్రుని యుదరము చీలవలెను. ఇట్టి హద్దును ఏ వజ్రములచేతను దాటరాదు. శుక్రుడు కడుపులోనున్న శిష్యునకే విద్య నుపదేశించి, తాను మరణించి, వానిచే బ్రతికింపబడినాడు. ఒక్క ప్రయోగముతో అసురుల కేకైకమైన బలము శత్రుపక్షమునకు సంక్రమించినది. మూల్యమనగా నిది.

అయినను కథయందలి నిజమైన మూల్యమును చెల్లించినది శుక్రుడు కాడు, దేవయాని. ఆమెకు మంత్రము రాదు. అడుగుట యొక్కటియే యామె శక్తి. కచుడు బ్రతికిన ప్రతిమారును ఆమె దుఃఖమే శుక్రుని కదలించినది. విద్య లభించిన పిదప కచుడు గురుపుత్రి యను కారణముచే నామెను నిరాకరించినాడు. ఆమె, వానికి విద్య పనిచేయకుండునట్లు శపించినది. అతడు, తాను నేర్పినవారికి పనిచేయునని చెప్పి, ఆమెకు బ్రాహ్మణుడు భర్త కాకుండునట్లు ప్రతిశాపమిచ్చినాడు. జ్ఞాతయు ప్రయోక్తయు వేరగుటచే శక్తి లోకమున నిలిచినది గాని నాయకుని చేతిలో నిలువలేదు. కచవృత్తాంతము యయాతికథకు పీఠికామాత్రమని తలచువారు గమనింపవలసిన దిది: శర్మిష్ఠతోడి వైరమునకు ముందే దేవయాని యీ కథలో సర్వస్వము నొడ్డి యోడినది. యయాతి కథ యా ఋణముయొక్క శేషము.

తక్కిన యుదాహరణములను సంగ్రహముగ చూతము. వాల్మీకి యుద్ధకాండమున ఓషధులు నాలుగు: మృతసంజీవని, విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంధానకరణి. బ్రతికించుట వేరు, గాయము మాన్పుట వేరు, వన్నె తెచ్చుట వేరు, ఎముకలు కూర్చుట వేరు. ఓషధిగంధము సోకి వానరులు లేచిరి గదా, రాక్షసులేల లేవలేదను ప్రశ్నకు సమాధానము గూడ నచ్చటనే కలదు: చచ్చిన రాక్షసులను రావణునాజ్ఞచే నెప్పటికప్పుడు సముద్రమున పారవైచిరి. తన నష్టమును దాచు గర్వమే రావణుని సైన్యమునకు పునర్జీవనము లేకుండ జేసినది. ఎఱ్ఱన పూరించిన యరణ్యపర్వభాగమున సావిత్రికి మంత్రములేదు, ఓషధిలేదు; యముడు పతిప్రాణము దక్క వరములిచ్చుచుండగా, నా హద్దునకు లోబడియే హద్దును గెలిచిన వాక్కు కలదు. శ్రీనాథుని హరవిలాసమున సిరియాలుడు బ్రతుకుట వీనికి భిన్నము. అచ్చట పునర్జీవనము పాత్రల చేతిలోని శక్తి కాదు, దేవుని యనుగ్రహము. కొడుకు తిరిగివచ్చునని తల్లిదండ్రులకు ముందు తెలిసియున్నచో వారి త్యాగము త్యాగమే కాదు. కావున నచ్చట అజ్ఞానమే హద్దు.

ఈ పరిశీలనవలన రూపకర్తకు నాలుగు సూత్రము లేర్పడుచున్నవి. బ్రతికించుట కగు వ్యయము ధనరూపమున గాక సంబంధరూపమున నుండవలెను. ప్రతిపక్షము ఒక ప్రయోగమునుండి నేర్చుకొని మరుసటిదానిని కష్టతరము చేయవలెను. ప్రయోగమువలన శక్తి చేతులు మారు నవకాశముండవలెను. అడుగువారు, చేయువారు, బ్రతుకువారు వేరువేరుగ నుండి, మువ్వురును కొంతకొంత కోల్పోవలెను. ఇట్లు కూర్చినచో మృతపాత్రను ధరించిన యాటగాడు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. శుక్రుని కడుపులోనుండి కచుడు పలికినట్లు, తిరిగివచ్చు నిర్ణయమున వానికిని మాట యుండును. వజ్రముల పట్టికలో నిట్టి సంభాషణకు చోటు లేదు.

అయిదవసూత్ర మొకటి కలదు, అది నిషేధరూపము. 1966 నవంబరు 1 న విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారమునకై జరిగిన యాందోళనలో తుపాకికాల్పులకు ప్రాణములు పోయినవి. ఉక్కునగరము తరువాతి కాలమున వెలసినది. ఆ కథను క్రీడగా మలచు యువకు డెవడైన పుట్టినచో, వాడు దానిలో సంజీవని నుంచుట యుచితమా? ఉచితము కాదని నా యభిప్రాయము. అచ్చట చెల్లించిన మూల్యము తిరిగిరానిదగుటయే యా కథకర్థము. దానిని మరలింపగల నియమ మెంత సమతూకముగ నున్నను, ఔచిత్యభంగమే యగును.

కావున పునర్జీవనము కథకు దోషమనుటయు పొరపాటు, కేవలాద్భుతమనుటయు పొరపాటు. అది కవి మృత్యువుతో చేసికొన్న యొడంబడిక. ఒడంబడిక షరతులను చదువుటయే విమర్శకుని పని. బసవపురాణమున, కాశీమజిలీకథలయందును, జానపదగాథలయందును మృతులు లేచు ఘట్టము లెన్నియో కలవు. ప్రతిదానిలో అడిగినదెవరు, చెల్లించినదెవరు, కోల్పోయినదెవరు అను మూడు ప్రశ్నలను వేసి వర్గీకరించు పని పరిశోధకవిద్యార్థుల కొఱకు మిగిలియున్నది.