కాళ్లతో చేసే సమస్యాపూరణం

క్లైంబింగ్ జిమ్‌లోకి మొదటిసారి వెళ్లినవారికి అక్కడి గోడ పిల్లల ఆటస్థలంలా కనిపిస్తుంది. నాలుగు మీటర్ల ఎత్తు, అక్కడక్కడ మన మీదికి వాలిన పలకలు, వాటినిండా ఎరుపు, పసుపు, నీలం ప్లాస్టిక్ ముద్దలు, కింద జానెడుకు మించిన మందాన పరుపులు. దొరికినదల్లా పట్టుకుని పైకి పోవచ్చుననిపిస్తుంది. అలా కుదరదని వెంటనే చెబుతారు. ఒక రంగు ఎంచుకుంటే ఆ రంగు ముద్దలనే పట్టుకోవాలి, వాటి మీదే కాలు మోపాలి. గుర్తు పెట్టిన చోట మొదలుపెట్టి, చివరి పట్టును రెండు చేతులతో నిలకడగా పట్టుకుంటే గెలిచినట్టు. తాడు లేకుండా ఇలా ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. అందులో ఒక్కో దారిని క్లైంబర్లు ‘ప్రాబ్లమ్’ అని పిలుస్తారు. ఆ మాటకు సరిగ్గా సరిపోయే తెలుగు మాట అవధాన వేదిక మీద ఎప్పటినుంచో ఉంది: సమస్య. ఇచ్చిన పదాలనే వాడాలన్న దత్తపది నియమం, ఫలానా అక్షరం వాడరాదన్న నిషిద్ధాక్షరి నియమం రెండూ ఆ రంగుల లెక్కలో ఉన్నాయి. ఇండోర్ క్లైంబింగ్‌ను కొండకు నకలుగా చూసినంతకాలం దాని విలువ అంతుపట్టదు. ఒకరు కట్టిన చిక్కును మరొకరు ఒంటితో విప్పే విద్యగా చూస్తేనే దాని మెళకువలకూ, నియమాలకూ అర్థం తెలుస్తుంది.

మొదట్లో అది నకలే, సందేహం లేదు. 1939లో అమెరికాలోని సియాటిల్‌లో షుర్మన్ రాక్ పేరుతో రాళ్లు పేర్చి ఒక కృత్రిమ బండను కట్టారు. 1964లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య బోధించే డాన్ రాబిన్సన్ ఒక నడవా గోడలో రాతిముక్కలు పొదిగించాడు. అక్కడి వానలకూ చలికీ కొండలు తడిసి ఉండే నెలల్లో విద్యార్థులు సాధన మానకూడదన్నది ఆయన ఉద్దేశం. అయితే గోడలో పొదిగిన రాయి కదలదు. నాలుగు వారాల్లో దాని గుట్టంతా తెలిసిపోతుంది. బోల్టుతో బిగించి, మళ్లీ విప్పి మరోచోట పెట్టగలిగే రెసిన్ పట్లు వచ్చాక కథ మారింది. సియాటిల్‌లో 1987లో వర్టికల్ క్లబ్, షెఫీల్డ్‌లో 1991లో ఫౌండ్రీ తెరుచుకునే నాటికి గోడను చెరిపి కొత్తగా రాయడం సాధ్యమైంది. అలా రాసే మనిషికి రూట్ సెట్టర్ అన్న పేరూ, ఆ పనికి ఒక వృత్తి హోదా వచ్చాయి. అవధాన భాషలో చెప్పాలంటే, సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పుట్టింది అక్కడే.

సెట్టర్ దాచే కిటుకు ఎక్కువగా కాళ్ల దగ్గర ఉంటుంది. కొత్తవారి చూపు మాత్రం చేతుల మీదే ఉంటుంది. నిచ్చెన ఎక్కినట్టు గోడకు ఎదురుగా నిలబడి, మోచేతులు మడిచి, ఒంటిని పైకి లాక్కుంటారు. ఐదారు ప్రయత్నాలకే ముంజేతులు బిగుసుకుపోయి, నీళ్లసీసా మూత తిప్పడం కూడా కష్టమవుతుంది. ఒక్క కదలికను దగ్గరగా చూద్దాం. ఎడమచేతికి మంచి పట్టు దొరికింది. తరవాతి పట్టు కుడివైపు పైన, చేతికి జానెడు దూరంలో ఉంది. దానికోసం ఎగిరితే వేళ్లు తగిలి జారిపోతాయి. తెలిసినవారు ఎడమచేతిని మడవకుండా చాచే ఉంచుతారు. కుడి పాదాన్ని చిటికెనవేలి వైపు అంచు మీద నిలిపి, మోకాలిని లోపలికి తిప్పి, కుడి తుంటిని గోడకు ఆనిస్తారు. ఎడమకాలు గాలిలో పక్కకు చాచి తూకం చూస్తుంది. బరువు చేతుల నుంచి కాళ్ల మీదికి దిగుతుంది, భుజం తిరుగుతుంది, అందని జానెడూ అందుతుంది. ఇందులో బలం ఖర్చు తక్కువ. అందుకే బరువులెత్తి కండలు పెంచినవారు పడిపోయిన చోట బక్కపలుచటి అమ్మాయి నింపాదిగా ఎక్కిపోవడం ఈ జిమ్‌లలో వింత కాదు. పైస్థాయికి వెళ్లేకొద్దీ వేళ్ల బలం తప్పనిసరి అనే మాట నిజమే. ఛందస్సు రానివాడు అవధానం చెయ్యలేడు. అలాగని ఛందస్సు వచ్చినంత మాత్రాన పూరణ స్ఫురించదు.

సమస్య కొత్తగా ఉండాలన్న పట్టుదల ఈ ఆట నియమాల్లోనే ఉంది. బౌల్డరింగ్ పోటీల్లో తమ వంతు వచ్చేదాకా క్రీడాకారులను విడిగా ఉంచుతారు; ముందువాడు ఎలా ఎక్కాడో వెనకవాడు చూడకూడదు. దీనికి పూర్తి విరుద్ధం స్పీడ్ క్లైంబింగ్. ఆ గోడ ఎత్తు 15 మీటర్లు, పట్ల అమరిక ప్రపంచమంతా ఒక్కటే. కంఠస్థం చేసిన పద్యాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పడం లాంటిది అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాడు శామ్ వాట్సన్ దాన్ని 4.74 సెకన్లలో ముగించాడు. అద్భుతమే, కానీ వేరే విద్య. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో స్పీడ్‌తో సహా మూడు క్లైంబింగ్ విభాగాలనూ కలిపి ఒకే పతకం ఇస్తే చాలామంది క్లైంబర్లు ఆక్షేపించారు. పారిస్‌లో స్పీడ్‌ను విడదీశారు. మామూలు జిమ్‌లో ఇతరులు ఎక్కడం చూడకూడదన్న కట్టుబాటు ఉండదు. పరుపు మీద కూర్చున్న అపరిచితులు గాలిలో చేతులు ఆడిస్తూ ‘అక్కడ కాలు మార్చండి’ అని చర్చించుకుంటారు. ఒక్కోసారి సెట్టర్ ఊహించని పూరణ ఎవరికో తడుతుంది. పృచ్ఛకుడి మనసులో ఉన్నదానికంటే మెరుగైన పూరణ వచ్చినప్పుడు సభ ఎలా పొంగిపోతుందో, ఇక్కడా అంతే.

‘ఎంతైనా ప్లాస్టిక్ కదా, కొండ ఎక్కడం అవుతుందా?’ అన్నది పెద్ద ఆక్షేపణ. అవదు. రంగులు చూసి కాలు పెట్టడం అలవాటైనవారు హైదరాబాద్ చుట్టుపక్కల నల్లరాతి బండల ముందు నిలబడితే తికమకపడతారు. అక్కడ పట్టు ఎక్కడుందో చెప్పే రంగు లేదు. కొన్నిచోట్ల పట్టే ఉండదు, అరికాలి రాపిడిని నమ్ముకోవాలి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఆ చదువు వేరు. అయితే శిఖరం లేకుండా ఎక్కడాన్ని కనిపెట్టింది జిమ్‌లు కావు. జిమ్నాస్టిక్స్ సాధన చేసిన గణిత విద్యార్థి జాన్ గిల్ 1950లలోనే అమెరికాలో చిన్న చిన్న బండలనే గమ్యాలుగా ఎంచుకున్నాడు. చేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకునే అలవాటునూ క్లైంబింగ్‌లోకి తెచ్చాడు. అవధాన పద్యాన్ని ప్రబంధంతో తూచి తక్కువ చేయడం ఎంత న్యాయమో, గోడను కొండతో తూచడమూ అంతే న్యాయం.

ప్రమాదం సంగతేమిటి? జర్మనీలో ఐదేళ్లపాటు 5,15,337 జిమ్ సందర్శనలను పరిశీలిస్తే నమోదైన ప్రమాదాలు 30. ఇంత తక్కువగా ఉండటానికి కారణం పడటాన్ని కూడా విద్యలో భాగం చెయ్యడమే. రెండు పాదాల మీద దిగాలి, మోకాళ్లు మడవాలి, వీపు మీదికి దొర్లాలి, చేతిని వెనక్కి ఊతగా పెట్టకూడదు. తాడుతో ఎక్కే చోట ముడిని ఇద్దరూ చూసుకోవాలి. కింద తాడు పట్టుకున్నవారు ఆపే చేతిని క్షణం కూడా వదలకూడదు. ఇక ఖర్చు మీది ఆక్షేపణకు ఇంత సులువైన జవాబు లేదు. ప్రవేశ రుసుమూ, బూట్ల అద్దే పెద్ద నగరాల ఉద్యోగులకు తప్ప చాలామందికి భారమే. ఢిల్లీలో ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ గోడ, బెంగళూరు కంఠీరవ స్టేడియం గోడ వంటివి మన జిల్లా కేంద్రాల్లోనూ వచ్చేదాకా ఆ ఆక్షేపణ నిలిచే ఉంటుంది. అది విద్యలో లోపం కాదు, అందుబాటులో లోపం.

కాబట్టి మొదటిసారి వెళ్లేవారు ఎన్ని ఎక్కామన్న లెక్క పక్కన పెట్టడం మంచిది. ఒక రంగు ఎంచుకుని, చెయ్యి వెయ్యకముందే కింద నిలబడి చూడాలి: ఈ పట్టు ఇటువైపే ఎందుకు వాలింది? కాలికి ఈ చిన్న ముద్ద ఇక్కడెందుకు? సెట్టర్ ఏమడుగుతున్నాడు? కొన్ని వారాలకు ఆ పట్లన్నీ విప్పి, కడిగి, మరో చిక్కుగా బిగిస్తారు. విప్పలేకపోయిన సమస్య ఇక ఆ గోడ మీద దొరకదు. మోకాలు తిప్పితే జానెడు కలిసొస్తుందన్న ఎరుక మాత్రం కొత్త రంగు ముందు నిలబడినప్పుడు పనికొస్తుంది.