‘బాగుంది’ అన్న మాట వెనక: సామాన్య ప్రేక్షకుడి తీర్పు – కొన్ని ఆలోచనలు

తెలుగులో ఒక మంచి కథాసంపుటికి వెయ్యి మంది పాఠకులు దొరికితే మనం సంతోషిస్తాం. ఒక మోస్తరు సినిమాకు ప్రేక్షకులు లక్షల్లో ఉంటారు. ఈ వాస్తవాన్ని రచయితలుగా మనం ఒప్పుకుంటాం గానీ, ఆ లక్షల మంది సినిమా చూసి ఏమనుకుంటున్నారో పెద్దగా పట్టించుకోం. సినిమా గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు దర్శకుడి దృక్పథాన్ని చర్చిస్తాయి, పెట్టుబడి స్వభావాన్ని చర్చిస్తాయి. హాల్లోంచి బయటికొచ్చిన మనిషి అన్న మాట మాత్రం వాటిలో కనిపించదు.

సామాన్య ప్రేక్షకుడి అభిప్రాయం పట్ల మనలో రెండు ధోరణులున్నాయి. వ్యాపార సినిమా మత్తుమందు, దాన్ని మెచ్చుకునేవాడు మత్తులో ఉన్నాడు, కనుక అతని మాటకు విలువ లేదనేది మొదటిది. జనం మెచ్చిందే కళ, కోట్ల మంది చూశాక విమర్శకుడికి పనేమిటనేది రెండోది. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండూ చేసేది ఒకటే. ప్రేక్షకుడు ఏమన్నాడో, ఎందుకన్నాడో వినకుండానే అవి తీర్పు చెప్పేస్తున్నాయి. విని, విశ్లేషించడం విమర్శ చేయవలసిన పని. ఈ పదేళ్లలో వచ్చిన భారీ విజయాలనూ, నేరపరిశోధన చిత్రాలనూ దృష్టిలో పెట్టుకుని ఆ ప్రయత్నం చేద్దాం.

మాటలు ఎక్కడివి?

పాత తరం ‘కథ బాగుంది’, ‘పాటలు బాగున్నాయి’, ‘ఏడిపించేశాడు’ అనేది. ఇవాళ వినిపించే మాటలు వేరు. ఎలివేషన్, గూస్‌బంప్స్, ల్యాగ్, ట్విస్ట్, స్క్రీన్‌ప్లే, బ్రేక్ ఈవెన్. వీటిని మూడు కుప్పలుగా పోయవచ్చు. ఒంటికి కలిగిన అనుభవం చెప్పే మాటలు కొన్ని. సినిమా అల్లిక గురించిన మాటలు కొన్ని. బజారు లెక్కల మాటలు కొన్ని.

ఈ మూడో కుప్ప చూడండి. గ్రాస్ ఎంత, షేర్ ఎంత, నైజాంలో ఎంత, సీడెడ్‌లో ఎంత అని తొమ్మిదో తరగతి పిల్లలు తడుముకోకుండా చెప్తారు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న జిల్లాలను ‘సీడెడ్’ అన్నారనీ, ఆ పేరు వద్దని 1928లో ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారనీ చరిత్ర పాఠంలో చెప్తే అదే పిల్లలు ఆశ్చర్యపోతారు. పంపిణీదారు ఖాతా పుస్తకంలో మిగిలిపోయిన వలస కాలపు మాట ప్రేక్షకుడి నాలుక మీదికి వచ్చింది. 2017లో ‘బాహుబలి 2’ వసూళ్లు వెయ్యి కోట్లు దాటిన తర్వాత ఆ అంకె కూడా ఒక గుణవిశేషణం అయిపోయింది. తనకు పైసా వాటా లేని లాభాన్ని తన విజయంగా చెప్పుకుంటున్నాడు ప్రేక్షకుడు. సరుకు తయారుచేసేవాడు తన కొలబద్దను కొనేవాడి చేతికి ఇవ్వగలగడం మామూలు విజయం కాదు.

ఇంతకూ ఈ సామాన్యుడెవరు? ఒకప్పుడు సినిమా తలరాతను నేల టికెట్టు నిర్ణయించేది. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్ ప్రదర్శనకు తెలంగాణ ప్రభుత్వం మామూలు ధర మీద టికెట్టుకు 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతించింది. ఆ సంవత్సరం ఉపాధి హామీ పనికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రకటించిన రోజుకూలి 300 రూపాయలు. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తొలి రోజు తీర్పు చెప్పే అవకాశం నేల టికెట్టు మనిషి చేతి నుంచి జారిపోయింది. అతను కొన్ని వారాలు ఆగి టీవీలోనో ఫోనులోనో చూస్తాడు. అప్పటికే తీర్పు అయిపోయి ఉంటుంది. అంత డబ్బు పెట్టి మొదటి రోజే చూసినవాడికి, సినిమా బాగోలేదని ఒప్పుకోవడం తన ఖర్చును తానే తప్పుపట్టుకోవడం అవుతుంది. కనుక మనం వింటున్న ‘ప్రజాభిప్రాయం’లో ఎంత భాగం ప్రజలదో ముందు అడగాలి.

లాజిక్‌కు రెండు న్యాయాలు

అయితే ప్రేక్షకుడిని కేవలం వంచితుడిగా చూడటం పొరపాటు. అతని మాటల్లో ఆసక్తికరమైన వైరుధ్యం ఒకటుంది. పెద్ద హీరో సినిమా గురించి ‘లాజిక్ అడగొద్దు, ఎంజాయ్ చెయ్యాలి’ అంటాడు. వారం తిరక్కుండా అదే మనిషి ఒక థ్రిల్లర్ చూసి, హంతకుడు ఆ సమయానికి అక్కడికి ఎలా చేరాడు, ఫోను సంగతి పోలీసులకు ముందే ఎందుకు తట్టలేదు అని ముడి ముడీ విప్పి అడుగుతాడు. రెండో సగంలో ఎక్కడ సాగదీశారో, ఏ ట్విస్టు ముందే తెలిసిపోయిందో కచ్చితంగా చెప్తాడు. ‘ల్యాగ్’ అన్న మాట శిల్పం మీద విమర్శే. మన సాహిత్య సభల్లో కథల మీద వచ్చే అభిప్రాయాల కంటే ఒక్కోసారి అదే సూటిగా ఉంటుంది.

అంటే ప్రశ్నించే శక్తికి కొదవ లేదు. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ చెప్పులతోపాటు గుమ్మం బయట విడవాలో ఒక అలిఖిత ఒప్పందం ఉంది. ఆ ఒప్పందాన్ని పరిశీలిస్తే, థ్రిల్లర్‌లో అడుగుతున్న ప్రశ్నలకు కూడా ఒక హద్దు గీసి ఉందని తెలుస్తుంది.

భారీ విజయాలు: నిజమైన ఆకలి, దొంగ తిండి

‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబర్‌లో వచ్చింది. అందులోని హీరో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొట్టే కూలి. తండ్రి ఇంటిపేరు దక్కనివాడు. అడుగడుగునా ఆ అవమానం ఎదురయ్యేవాడు. తల వంచనివాడు. ప్రేక్షకుడు అతన్ని ప్రేమించడంలో ఆశ్చర్యం లేదు. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే సమాజంలో బతుకుతున్నవాడికి ఆ పొగరు తన పొగరే అనిపిస్తుంది. ఆ ఈలల్లో ఉన్న కసి నిజమైనది. దాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు.

అయితే ఆ కసిని కథ ఎక్కడికి తీసుకుపోయిందో చూడాలి. కూలి వాటాదారవుతాడు, వాటాదారు సిండికేట్‌కు పెద్ద అవుతాడు. అతనితోపాటు గొడ్డలి పట్టిన మిగతా కూలీలు కూలీలుగానే ఉండిపోతారు. పెత్తనం పోలేదు, పెత్తందారు మారాడు. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవుల్లో తమిళనాడు నుంచి కూలికి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కూలి బతుక్కు సంబంధించి మన కాలపు అతి పెద్ద వార్త అది. సినిమాలో కూలి గెలిచినందుకు మురిసిన ప్రేక్షకుడికి ఆ 20 మంది గుర్తుకు రాలేదంటే లోపం అతని జ్ఞాపకశక్తిది కాదు. ఒక్కడు పైకి లేవడాన్ని చూపడానికి మిగతా అందర్నీ మసకచేసే పద్ధతినే ఇవాళ ‘ఎలివేషన్’ అంటున్నారు.

2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ సంగతి ఇంకా సున్నితమైనది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం పేర్లు తీసుకుని, ఇద్దరి మధ్యా కల్పిత స్నేహం అల్లారు. కల్పన చేసే స్వేచ్ఛ కళాకారుడికి ఉంది. ఆ కల్పన ఎటు మొగ్గిందన్నదే ప్రశ్న. చరిత్రలో భీం పోరాడింది నిజాం పాలన మీద. 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ నినాదం ఆయన పోరాటంతో ముడిపడింది. సినిమాలో శత్రువు కేవలం ఇంగ్లీషు దొర అయ్యాడు. రామరాజు ధనుర్బాణాలు పట్టి పురాణపురుషుడిగా లేచాడు. చివరికి భీం తనకు చదువు చెప్పమని రామరాజును అడుగుతాడు, ఆ నినాదాన్ని జెండా మీద రాసేది రామరాజు చెయ్యి. ఆదివాసీ తన నెత్తురుతో సంపాదించుకున్న మాట గురువు చేతి రాతగా అతనికే తిరిగి అందుతుంది. ఆ సన్నివేశం తమకు నచ్చిందని చాలామంది చెప్తారు. స్నేహం నచ్చి ఉంటుంది, మంచిదే. ఎవరు ఎవరికి నేర్పాలన్న పాత మెట్ల వరస మాత్రం ఆ స్నేహం చాటున చెక్కుచెదరకుండా నిలబడింది. లాజిక్ అడగొద్దన్న ఒప్పందం ఇలాంటి చోట్లే పనికొస్తుంది. పులి మీదికి లంఘించడం సాధ్యమా అని అడగకపోతే నష్టమేమీ లేదు. చరిత్రను అడగకపోతే నష్టం ఉంది.

థ్రిల్లర్లు: ఎవడు చేశాడు?

ఇక థ్రిల్లర్. 2014లో తెలుగులో వచ్చిన ‘దృశ్యం’ మలయాళ మాతృకకు పునర్నిర్మాణం. దాని కథానాయకుడే ఒక సామాన్య ప్రేక్షకుడు. పెద్ద చదువు లేని కేబుల్ టీవీ మనిషి. తన కుటుంబాన్ని కాపాడుకునే తెలివిని అతను చూసిన సినిమాల నుంచే సంపాదించాడు. ఎదురుగా పోలీసు అధికారం, లాఠీ, చిన్నపిల్లనూ వదలని విచారణ. ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలబడ్డాడో మనకు తెలుసు. అధికారాన్ని అనుమానించడం, దాని ముందు తెలివితో నిలదొక్కుకోవడం అతనికి కొత్త కాదని ఆ ఆదరణ రుజువు చేసింది.

అదే ప్రేక్షకుడి చేత మరికొన్ని సినిమాలు మరో పని చేయిస్తున్నాయి. 2020లో మొదలైన ‘హిట్’ వరస మొదట పరిశోధన మీద నడిచింది. 2025 మే నెలలో వచ్చిన మూడో భాగానికి వచ్చేసరికి పోలీసు అధికారి స్వయంగా నేరస్థులను చంపేవాడయ్యాడు. హాల్లో చప్పట్లు పడేది ఆ చంపే చోట. ఎవడు చేశాడన్న ప్రశ్నను పట్టుదలగా అడిగే ప్రేక్షకుడు, చేసినవాడు దొరికాక చంపే అధికారం ఎవరిచ్చారని అడగడు. ఇందాక చెప్పిన హద్దు ఇదే. తర్కం హంతకుణ్ణి పట్టుకునే దాకా పనిచేస్తుంది. తుపాకీ పైకి లేవగానే పక్కకు తప్పుకుంటుంది.

ఇది తెర మీది సంగతి మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలో ‘దిశ’ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు, జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు. ఒక ఆడపిల్లకు జరిగిన ఘోరం చూసి రగిలిన బాధ వారిది. ఆ బాధను శంకించనక్కర్లేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు చనిపోవాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారని అది తేల్చింది. ఈ వార్తకు, మొదటి వార్తకు వచ్చిన స్పందనలో వందో వంతు కూడా రాలేదు.

సినిమాలు చూసి జనం పూలు చల్లారని నేను అనడం లేదు. ‘హిట్’ మూడో భాగం ఆ ఘటన తర్వాత ఐదేళ్లకు గానీ రాలేదు. కోర్టుల్లో ఏళ్ల తరబడి తేలని కేసులు, పేదవాడికి అందని న్యాయం – ఇవి పుట్టించిన విసుగు జనంలో ముందే ఉంది. సినిమా ఆ విసుగును పోగుచేసి, దానికి నేపథ్య సంగీతం జోడించి, తిరిగి మనకే అమ్ముతుంది. అమ్మేటప్పుడు ఒక అబద్ధం కలుపుతుంది. పోలీసు ఎప్పుడూ సరైనవాణ్ణే పట్టుకుంటాడన్నది ఆ అబద్ధం. తెర మీద మనం నేరాన్ని కళ్లారా చూశాం కనుక అనుమానం రాదు. బయట అలా చూసినవాడు ఉండడు. అందుకే విచారణ అనేది ఒకటి కావలసి వచ్చింది.

మరో రకం ఉత్కంఠ

ప్రేక్షకుడికి ఇదే కావాలి, ఇంకేమీ ఎక్కదు అన్న వాదానికి జవాబు కూడా ప్రేక్షకుడే చెప్పాడు. 2021లో వచ్చిన తమిళ చిత్రం ‘జై భీమ్’ తెలుగు అనువాదంలో మన ఇళ్లకు చేరింది. 1993 నాటి ఒక లాకప్ మరణం దానికి ఆధారం. పోలీసులు తీసుకుపోయిన మనిషి ఏమయ్యాడన్నదే అందులో ఉత్కంఠ. లాఠీ దెబ్బ తినేవాడి వైపు నుంచి కథ చూపడంతో, మరో సినిమాలో ఈల వేయించే దెబ్బ ఇక్కడ కళ్లు మూసుకునేలా చేసింది. 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’లో పెద్ద తారలు లేరు. మైనర్ బాలికను ప్రేమించిన పేదింటి కుర్రాడి మీద పోక్సో చట్టం ప్రయోగించి, పరువు పేరుతో అతని జీవితాన్ని నలిపేసే కథ. పిల్లల రక్షణ కోసం వచ్చిన చట్టం పట్ల అపనమ్మకం కలిగించే ప్రమాదం అందులో లేకపోలేదు. పిల్లల మీద జరిగే నేరాల్లో అత్యధికం తెలిసినవాళ్లు చేసేవేనన్న సంగతి మరవకూడదు. అయినా ఎఫ్.ఐ.ఆర్.లో ఏముంది, సాక్ష్యం ఎలా తయారవుతుంది, డబ్బు న్యాయాన్ని ఎలా వంచుతుంది అన్న వాటి మీద జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. విచారణ తంతు బోరు కొడుతుందని ఎవరూ లేచిపోలేదు. తర్కాన్ని తుపాకీ దగ్గర ఆపేయనక్కర్లేదని ఈ ఆదరణ చెప్తోంది.

పగలంతా కష్టపడి వచ్చినవాడు కాసేపు సరదాగా గడుపుదామనుకుంటే మీ పాఠాలేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వినోదం శ్రమజీవి హక్కు. అయితే బుర్రకథ కూడా వినోదమే. 1940ల చివర సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని జనం సరదాగానే చూశారు, చూసి ఇంటికి ప్రశ్నలు మోసుకుపోయారు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసినప్పుడు హాళ్లకు వచ్చింది కూడా ఈ సామాన్యుడే. వినోదానికీ ఆలోచనకూ పడదన్నది ప్రేక్షకుడు పెట్టిన నియమం కాదు.

మన ముందున్న పని

రచయితలూ సాహిత్య విద్యార్థులూ ఈ విషయంలో చేయగలిగినవి రెండున్నాయి. ప్రేక్షకుడి మాటలను సేకరించి, వాటితో వాదించడం మొదటిది. ‘ఎలివేషన్ అదిరింది’ అన్నవాడితో ఆ సినిమా చెత్త అని చెప్తే చర్చ అక్కడితో ముగుస్తుంది. ఎవరిని ఎత్తారు, ఎత్తడానికి ఎవరిని వంచారు అని అడిగితే మొదలవుతుంది. ‘ట్విస్ట్ బాగుంది’ అన్నవాడితో ట్విస్టుల గురించే మాట్లాడి, హంతకుడు దొరికాక కథ ఏం చేసిందన్న దగ్గరికి తీసుకురావచ్చు. ముడి విప్పే ఓపిక అతనికి ఇప్పటికే ఉంది. మరో ముడి చూపించడమే మన పని.

రెండోది మన రాతలకు సంబంధించినది. లాకప్పు, కోర్టు వాయిదా, అడవిలో కూలి, ఆడపిల్ల బడికి వెళ్లే దారి – ఇవన్నీ ఉత్కంఠ నిండిన వస్తువులు. వాటిని మనం నినాదాలుగా రాసి, అల్లికను వ్యాపార సినిమాకు వదిలేశాం. ఎక్కడ సాగదీశామో మనకు చెప్పగల పాఠకుణ్ణి మనం సంపాదించుకోవాలి. ఆ పాఠకుడు ఇప్పుడు సినిమా హాల్లో ఉన్నాడు. అతను బయటికొచ్చి ‘బాగుంది’ అన్నప్పుడు నవ్వి ఊరుకోకుండా, ఏం బాగుందని అడిగి, అతని జవాబు పూర్తిగా వినడంతో మన పని మొదలవ్వాలి.