తెగితే ఎన్ని ఆగుతాయి?

వినుకొండలో కొత్తగా షాపో స్కూలో పెట్టేవాళ్లు నన్ను ముందు అడిగేది నెట్ స్పీడెంతొస్తుందని. నేను మాత్రం తీగ ఒకచోట తెగితే ఎన్ని కంప్యూటర్లు ఆగుతాయో లెక్కేసుకుంటాను. కంప్యూటర్లను కలిపే పద్ధతుల్లో ఏది మేలో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన కొలత నాకు దొరకలేదు.

ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్లలో ఒకే నల్లటి కోయాక్సియల్ కేబుల్‌ని గది చుట్టూ తిప్పి, ప్రతి సిస్టమ్ వెనకా టి కనెక్టర్ పెట్టి, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు బిగించేవాళ్లు. 185 మీటర్ల దాకా పనిచేసేది, ఖర్చూ తక్కువే. కానీ ఒక్క టెర్మినేటర్ వదులైతే చాలు, గదంతా ఆగిపోయేది. లోపం ఏ జాయింటులో ఉందో బల్లల కింద దూరి ఒక్కొక్కటీ కదిపి చూడాల్సిందే.

ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌కీ విడిగా కేబుల్ లాగి నెట్‌వర్క్ స్విచ్‌కి కలుపుతున్నాం. కేబుల్ చాలా ఎక్కువ పడుతుంది, ఒక్కోటి 100 మీటర్లు దాటకూడదు. అయినా నా ఓటు దీనికే. ఒకటి తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది, స్విచ్ మీద ఆరిపోయిన లైటు ఏది తెగిందో చెప్పేస్తుంది. స్విచ్చే పోతే అన్నీ ఆగుతాయి, నిజమే. అయితే వెతుకులాట లేదు, ఇంకోటి తెచ్చి మార్చడమే.

రెండు భవనాల మధ్య మాత్రం రాగి కేబుల్ లాగనివ్వను. దగ్గర్లో పిడుగు పడితే ఆ రాగి వెంట వచ్చే కరెంటు రెండు వైపులా పోర్టుల్ని కాల్చేస్తుంది. ఇనప తొడుగు లేని ఫైబర్ అయితే ఆ భయం లేదు, గాజులో కరెంటు పారదు.

ఆ ఫైబర్ మీదే ఇంటర్నెట్ ఇచ్చే మన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. రాతి నేలలున్న చోట అది మంచి నిర్ణయమనే అంటాను. గాలివానకు స్తంభం ఒరిగితే ఫైబరూ పోతుంది, అందుకే ఊళ్లను కలిపే పెద్ద లైన్లను రింగుగా కడతారు. ఒకవైపు తెగినా డేటా రెండోవైపు నుంచి తిరిగి వస్తుంది. వీధిలోకొచ్చాక ఆ వెసులుబాటు ఉండదు. ఒక్క ఫైబరే స్ప్లిట్టర్ దగ్గర చీలి చాలా ఇళ్లకు పోతుంది. ఆ స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేకపోవడం కోతలున్న ఊళ్లకు పెద్ద మేలు.

వైఫైలో తెగడానికి తీగ లేదు, అందుకే లోపమెక్కడో తేలదు. గోడా, పక్కింటి రౌటరా, పాత ఫోనా అని వెతుకుతూనే ఉండాలి. ఫోన్లకు వైఫై వాడుకోండి, బిల్లింగ్ కౌంటర్‌కు మాత్రం కేబులే వేయించండి.

ఇల్లో కొట్టో కట్టుకుంటుంటే, ప్లాస్టరింగ్‌కు ముందే నెట్ కేబుల్ కోసం కరెంటు పైపులకు ఎడంగా గోడలో ఒక ఖాళీ పైపు వేయించుకోండి.