‘బూమరాంగ్’ పేరుతో నా పేచీ

సెనెగల్ ర్యాప్ బృందం దారా జే 2003లో తెచ్చిన ‘బూమరాంగ్’ ఆల్బం నాకు చాలా ఇష్టం. పేచీ అంతా దాని పేరుతోనే.

ఆ పేరు వెనక ఒక వాదం ఉంది. ర్యాప్ పుట్టింది ఆఫ్రికాలో, పెరిగింది అమెరికాలో, ఇప్పుడు సొంతింటికి తిరిగొచ్చింది అంటారు వాళ్ళు. దానికి రుజువుగా తస్సును చూపిస్తారు. పెళ్ళిళ్ళలో, నామకరణాల్లో వొలోఫ్ ఆడవాళ్ళు సబర్ డోలు దెబ్బకి తగ్గట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పే మాటలే తస్సు. అందులో పొగడ్త ఉంటుంది, ఎత్తిపొడుపూ ఉంటుంది. వింటే నిజంగానే ర్యాప్ గుర్తొస్తుంది.

అయితే పోలిక వేరు, పుట్టుక వేరు. బానిస ఓడల్లో పోయినవాళ్ళ భాషల్నీ పేర్లనీ కూడా లాగేసుకున్నారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ పెట్టిన పార్టీనే హిప్ హాప్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఆ రాత్రి రికార్డులు వేసింది ఆమె అన్న డీజే కూల్ హెర్క్. అతను పుట్టింది జమైకాలో. ఒకే రికార్డు కాపీలు రెండు పెట్టుకుని డ్రమ్ము ముక్కను సాగదీయడం అతని పద్ధతి. అదే వీధుల్లో ప్యూర్టోరికో పిల్లలూ ఉన్నారు. వీళ్ళందరినీ దారిలో మజిలీలుగా చేసేస్తే ఎట్లా? బూమరాంగ్ అయితే విసిరిందే తిరిగొస్తుంది. ఇక్కడ పోయింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. డాకర్ కుర్రాళ్ళు కూడా 1980ల్లో ర్యాప్ నేర్చుకుంది అమెరికా, ఫ్రాన్స్ రికార్డులు విని.

ఇంకొక సంగతి. తస్సు ఆడవాళ్ళది. ఆ ఆల్బం నాటి దారా జేలో ర్యాప్ చేసిన ముగ్గురూ మగవాళ్ళే. మాలీ గాయని రోకియా త్రావొరే ఒక పాటలో అతిథిగా గొంతు కలిపింది. అమ్మమ్మల పేరు చెప్పుకున్నంతగా మైకు వాళ్ళకి ఇవ్వలేదు.

పేరు చెప్పలేని నిజాన్ని పాటలు చెప్తాయి. యానాంలాగే సెనెగల్ కూడా ఫ్రెంచి పాలన చూసింది, 1960లో స్వతంత్రమైంది. అందుకే డాకర్ వీధి వొలోఫ్‌లో ఫ్రెంచి మాటలు కలిసిపోయి ఉంటాయి. దారా జే ఆ కలగలుపు మాటతోనే ర్యాప్ చేశారు. ‘ఎస్పెరాన్సా’లో స్పానిష్ కూడా వినిపిస్తుంది. అదేం వింత కాదు, డాకర్ ఎన్నో ఏళ్ళుగా క్యూబా సంగీతం వింటోంది. 1970లో మొదలైన ఆర్కెస్ట్రా బావొబాబ్ వాయించింది ఆ వరసలే. ఇది మూలానికి తిరిగిపోవడం కాదు, నాలుగు దిక్కులతో ఇచ్చిపుచ్చుకోవడం.

ఈ గొడవ మనకెందుకంటారా? హోసూరులోనో బరంపురంలోనో షోలాపురంలోనో ఉన్న తెలుగును గురించి రెండు మాటలు వింటూ ఉంటాం. ‘మీది చెడిపోయిన తెలుగు’ అనేది ఒకటి, ‘మాదే అసలైన పాత తెలుగు’ అని మనం చెప్పుకునేది ఇంకొకటి. రెండూ మూలం ఒక్కదాన్నే కొలబద్ద చేస్తాయి. పక్కనున్న తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీలతో బతికిన వందల ఏళ్ళు ఆ కొలతలోకి రావు. మన యాసల గురించి రాసేటప్పుడు మిగిలిపోయిన పాత మాటల్ని ఎంత శ్రద్ధగా ఏరుతున్నామో, పక్కింటి నుంచి వచ్చిన మాటల్నీ అంతే శ్రద్ధగా రాసుకోవాలి.

‘బూమరాంగ్’ వినండి. అట్ట మీది పేరును పక్కనబెట్టి, ఏ మాట ఏ భాషదో పట్టుకుంటూ వినండి.